పరుగు పిల్లలది, పంతం పెద్దలది

వేసవి సెలవులు వచ్చేశాయి. ఇక ఊరూరా మున్సిపల్ గ్రౌండ్లలో, చెరువు కట్టల మీద, కాలనీ రోడ్ల మీద పొద్దున్నే కొత్త జంటలు కనిపిస్తాయి. నాన్న ముందు, కొడుకు వెనక. లేదంటే అమ్మ ముందు, కూతురు వెనక. పిల్లల చేతిలో ఫోన్ తగ్గాలి, మన పొట్ట తగ్గాలి, రోజూ కాసేపు ఇద్దరం కలిసి ఉండాలి. ఒక్క పరుగుతో ఈ మూడూ అయిపోతాయని ఆశ. ఆశలో తప్పేమీ లేదు. తప్పల్లా ఆ వరసలో ఉంది. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నదాంట్లో ఉంది.

పిల్లలతో కలిసి పరుగెత్తడం మానెయ్యమని ఎవరూ చెప్పడం లేదు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున గంటసేపైనా ఒళ్లు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో మరోసారి చెప్పింది. మన అపార్ట్‌మెంట్లలో, ట్యూషన్ల మధ్య, ఆ గంట ఎంతమందికి దొరుకుతోందో మనకు తెలుసు. కాబట్టి పరుగు మంచిదే. అయితే పిల్లల పేరు చెప్పి పెద్దల పరుగు వాళ్ల చేత పెట్టించడం మాత్రం ఇవాళే ఆగాలి. ఎండ ముదిరే నెలల్లో, ఫుట్‌పాత్‌లు లేని రోడ్ల మీద, ఏ వైద్య పరీక్షా లేకుండా, తండ్రి పెట్టిన లెక్క ప్రకారం పదేళ్ల పిల్లవాడు పరుగెత్తుతున్నాడంటే అక్కడ ప్రమాదం నాలుగు వైపుల నుంచీ కాచుకుని ఉన్నట్టే.

ఏ గ్రౌండ్‌కైనా పొద్దున ఆరింటికి వెళ్లి ఒక మూల నిలబడి చూడండి. నాన్న కాళ్లకు కొత్త రన్నింగ్ షూ, మణికట్టుకు స్మార్ట్ వాచీ. పిల్లవాడి కాళ్లకు బడికి వేసుకెళ్లే తెల్ల కాన్వాస్ బూట్లు, మడమ దగ్గర అరిగిపోయి ఒక పక్కకు ఒరిగినవి. రౌండ్ పూర్తయి గేటు దగ్గరకు వచ్చినప్పుడల్లా నాన్న వాచీ చూసుకుంటాడు. పిల్లవాడు నాన్న మొహం చూస్తాడు. మూడో రౌండ్‌కి వాడి చెయ్యి కుడి డొక్క మీదకు వెళ్తుంది, నోరు తెరుచుకుంటుంది, అడుగు చప్పుడు మారుతుంది. పాదం నేల మీద టకటకా పడేది కాస్తా ఈడ్చుకుంటున్నట్టు వినపడుతుంది. “ఇంకో రౌండ్ వేద్దామా నాన్నా?” అని తండ్రి ప్రేమగానే అడుగుతాడు. వాడు తలూపుతాడు.

ఆ తలూపుడుని నమ్మకండి. నాన్న తనకోసం పొద్దున్నే లేచి వచ్చాడు, ఆఫీసు ఫోన్ ఎత్తకుండా తనతో ఉన్నాడు. రోజు మొత్తంలో ఆయన పూర్తిగా తనవాడయ్యే అరగంట అదే. దాన్ని ‘నావల్ల కాదు’ అన్న మాటతో పోగొట్టుకోవడానికి ఏ పిల్లవాడూ ఒప్పుకోడు. కోచ్ దగ్గర అలిసిపోతే కూర్చుంటాడు. స్నేహితులతో ఆడేటప్పుడైతే ‘టైం ప్లీజ్’ అని బొటనవేలు చూపించి పక్కకు తప్పుకుంటాడు. నాన్న పక్కన మాత్రం కూర్చోడు. నా లెక్కలో అసలు ప్రమాదం ఇదే. ఎండను, రోడ్డును కళ్లతో చూడొచ్చు. మనల్ని మెప్పించాలనే పిల్లల తాపత్రయం బయటికి కనిపించదు.

వేగం ఎంత ఉండాలో తేల్చడానికి ఏ వాచీ అక్కర్లేదు. పరుగెత్తుతూ పిల్లవాడు నిన్న చూసిన సినిమా కథ చెప్పగలగాలి. ముక్కలు ముక్కలుగా కాకుండా పూర్తి వాక్యాల్లో చెప్పాలి. మాట తెగిపోతే ఆ వేగం వాడిది కాదు, మీది. పొట్టి కాళ్ల పిల్లవాడు మీ పక్కన ఉండాలంటే మీకంటే ఎక్కువ అడుగులు వెయ్యాలి. ఒంటి బరువుతో పోల్చి చూస్తే ఒకే దూరానికి మీకంటే వాడికే ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. మీకు నెమ్మదిగా అనిపించే జాగింగ్ వాడికి దాదాపు పందెం. పైగా పిల్లలు సహజంగా అలా ఒకే వేగంతో పరుగెత్తరు. ఒక ఉరుకు ఉరుకుతారు, ఆగుతారు, రాయి ఏరుకుంటారు, మళ్లీ ఉరుకుతారు. కబడ్డీ, ఖో ఖో, కుంటాట, దొంగా పోలీసు, మన ఆటలన్నీ ఆ తీరులోనే ఉన్నాయి. నలభై నిమిషాలు ఆపకుండా ఒకే వేగంతో తార్రోడ్డు మీద సాగే పరుగు పెద్దలు కనిపెట్టుకున్నది.

పెద్దల పంతానికి చిన్న కాళ్లు ఎంత దూరం పోగలవో ఈ దేశం ఒకసారి టీవీలో చూసింది. 2006 మే 2న ఒడిశాలో బుధియా సింగ్ అనే నాలుగేళ్ల పిల్లవాడు పూరీ నుంచి భువనేశ్వర్ వైపు 65 కిలోమీటర్లు పరుగెత్తాడు. 7 గంటల 2 నిమిషాలు పట్టింది. మే నెల, తూర్పు తీరం. ఆ ఉక్క ఎలా ఉంటుందో శ్రీకాకుళం, విశాఖ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. చివర్లో వాడు కుప్పకూలాడు. వాణ్ని తీర్చిదిద్దిన బిరంచి దాస్ జూడో కోచ్. మురికివాడ నుంచి తెచ్చి, తండ్రి స్థానంలో ఉండి పెంచానని చెప్పుకున్న మనిషి. పిల్లవాడిలో ఈ శక్తి ఎలా బయటపడిందో కూడా ఆయనే చెప్పాడు. ఏదో తప్పు చేశాడని పరుగెత్తమని శిక్ష వేసి, మర్చిపోయి, కొన్ని గంటల తర్వాత తిరిగొస్తే వాడింకా పరుగెడుతూనే ఉన్నాడట. జనం దాన్ని అద్భుతంగా విన్నారు. ఆపమని పెద్దవాళ్లు చెప్పేదాకా ఆగని నాలుగేళ్ల పిల్లవాడి కథగా ఎంతమంది విన్నారు? పరీక్ష చేసిన ప్రభుత్వ వైద్యులు పోషకాహార లోపం, రక్తహీనత, గుండె మీద ఒత్తిడి ఉన్నాయని చెప్పాక ప్రభుత్వం ఆ దూరపు పరుగులను నిషేధించింది. తర్వాత వాణ్ని ప్రభుత్వ క్రీడా హాస్టల్లో చేర్చారు. 2008లో కోచ్ హత్యకు గురయ్యాడు. ఒలింపిక్స్‌కి వెళ్తాడన్న పిల్లవాడు అంతర్జాతీయ పోటీల దాకా రానేలేదు.

అది పేదరికం, చదువు లేని తల్లి, పేరు కోసం పాకులాడిన కోచ్ కథ, మాకేం సంబంధం అంటారా? 2022 మేలో అమెరికాలోని సిన్సినాటిలో ఫ్లయింగ్ పిగ్ మారథాన్‌లో ఆరేళ్ల పిల్లవాడు తల్లిదండ్రులతో కలిసి 42 కిలోమీటర్లు పూర్తి చేశాడు. ఎనిమిదిన్నర గంటలు పట్టింది. దారిలో ఒకచోట కూర్చుని ఏడ్చాడని, చిప్స్ కొనిస్తామని ఆశపెట్టి ముందుకు నడిపించామని తల్లిదండ్రులే రాసుకున్నారు. పోటీకి 18 ఏళ్లు నిండాలన్న నిబంధన ఉన్నా నిర్వాహకులు అనుమతించారు. గొడవయ్యాక, ఇకముందు వయసు నిబంధన గట్టిగా పాటిస్తామన్నారు. చదువుకున్నవాళ్లు, పిల్లల మీద ప్రేమ ఉన్నవాళ్లు చేసిన పనే అది. మన దగ్గర ఇప్పుడు ఐదేళ్ల పిల్లల చేత పది కిలోమీటర్లు పరుగెత్తించి రీల్స్ పెట్టేవాళ్లూ అలాంటివాళ్లే. కింద చప్పట్ల బొమ్మలు పెట్టే మనం కూడా ఆ పరుగుకు బాధ్యులమే.

వీటికి ఎదురుగా ఇంకో తండ్రి ఉన్నాడు. అమెరికాలోనే మసాచుసెట్స్‌కు చెందిన డిక్ హోయ్ట్. కొడుకు రిక్ పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాడు. నడవలేడు, నోటితో మాట్లాడలేడు. 1977లో, ప్రమాదంలో కాళ్లు చచ్చుబడిన ఒక క్రీడాకారుడి సాయం కోసం పెట్టిన ఐదు మైళ్ల పరుగులో పాల్గొందామని రిక్ కంప్యూటర్ సాయంతో తండ్రిని అడిగాడు. డిక్‌కి అప్పటికి పరుగు అలవాటే లేదు. చక్రాల కుర్చీలో కొడుకుని కూర్చోబెట్టి తోసుకుంటూ వెళ్లాడు. దాదాపు చిట్టచివరన చేరారు. తర్వాత ఇద్దరూ కలిసి బోస్టన్ మారథాన్ 32 సార్లు పరుగెత్తారు. అంకె గొప్పదే. కానీ నాకు ముఖ్యమనిపించింది ఆ మొదటి రోజు. అడిగింది కొడుకు, కుర్చీ ఉన్నది తండ్రికి ముందు. తండ్రి కళ్లెదుట కొడుకు. మొదట్లో చెప్పిన వరసను వాళ్లు సరిగ్గా తిరగేశారు.

ఇక పిల్లల ఒంటి సంగతి. ఎదిగే పిల్లల ఎముకల చివర గ్రోత్ ప్లేట్లు ఉంటాయి. ఎముక పొడుగయ్యేది అక్కడే. అవి మెత్తటి మృదులాస్థి. ఆడపిల్లల్లో సుమారు 14, 15 ఏళ్లకు, మగపిల్లల్లో మరో రెండేళ్లు ఆలస్యంగా అవి గట్టిపడి మూసుకుంటాయి. అప్పటిదాకా కండరం లాగే లాగుడు, రోడ్డు తిప్పికొట్టే దెబ్బ ముందుగా తగిలేది అక్కడే. ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య మడమ వెనక నొప్పి వస్తే అది చాలావరకు సీవర్స్ అనే సమస్య. కాస్త పెద్ద పిల్లల్లో మోకాలి చిప్పకు రెండు వేళ్ల కింద గట్టి బుడిపె లేచి, ముట్టుకుంటే నొప్పి పెడితే దాన్ని ఆస్‌గుడ్ ష్లాటర్ అంటారు. రెండూ విశ్రాంతి ఇస్తే తగ్గేవే. ఇవ్వకపోతే నెలల తరబడి పీడిస్తాయి.

చూసుకోవడం కష్టం కాదు. రాత్రి పడుకునేముందు పిల్లవాడి పాదం మీ ఒళ్లో పెట్టుకోండి. మడమను రెండు పక్కల నుంచీ బొటనవేలు, చూపుడువేలుతో మెల్లగా నొక్కండి. వాడు కాలు లాక్కుంటే, ఒక కాలికీ ఇంకో కాలికీ తేడా ఉంటే, పరుగు ఆపేసి ఎముకల డాక్టర్‌కి చూపించండి. పొద్దున లేవగానే మొదటి పది అడుగులు కుంటుతున్నాడేమో గమనించండి. ‘ఎదిగే నొప్పులు’ అని మన అమ్మమ్మలు అనేవి వేరు. అవి రాత్రిపూట, రెండు కాళ్లకీ, పిక్కల్లోనో తొడల్లోనో వస్తాయి. రుద్దితే తగ్గి, పొద్దున్నకి మాయమవుతాయి. ఒకే చోట, ఒకే కాలికి, పరుగెత్తినప్పుడు పెరిగే నొప్పి ఎదిగే నొప్పి కాదు. దానికి నొప్పి మాత్ర వేసి, స్ప్రే కొట్టి, మర్నాడు మళ్లీ గ్రౌండ్‌కి తీసుకెళ్లడం అన్యాయం. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని ఇక్కడ సామెత వాడేవాళ్లు ఎక్కువ. మొక్కను వంచొచ్చు, విరిచెయ్యకూడదు కదా.

‘మావాడు బద్ధకస్తుడు, రెండు అడుగులకే ఆయాసపడతాడు’ అనే తల్లిదండ్రులు ఒక్క క్షణం ఆగాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువున్న పిల్ల మెట్లెక్కితేనే అలిసిపోతుంది, ఇక పరుగుకేం తట్టుకుంటుంది? కనురెప్ప కింద లాగి చూస్తే పాలిపోయి ఉంటుంది. వంద రూపాయలో రెండొందలో పెడితే హిమోగ్లోబిన్ పరీక్ష అయిపోతుంది, పీహెచ్‌సీలో అదీ అక్కర్లేదు. పరుగు తర్వాత పది నిమిషాలకు పొడి దగ్గు, పిల్లికూతలు వస్తే ఆస్తమా అయ్యుండొచ్చు. చిన్నప్పుడు గొంతునొప్పి, జ్వరం, తర్వాత కీళ్ల నొప్పులు వచ్చి తగ్గిన పిల్లలకు గుండె కవాటాలు దెబ్బతిని ఉండే అవకాశం ఉంది. ఇవన్నీ బద్ధకం ఖాతాలో వేసి తిట్టి పరుగెత్తించిన ఇళ్లు తక్కువేం లేవు.

అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. పరుగు మధ్యలో పిల్లలు స్పృహ తప్పారంటే, ఒక్కసారే అయినా, ఒక్క నిమిషమే అయినా, నీళ్లు చల్లి ‘ఏం తినలేదు కదా, అందుకే’ అని సర్దుకోవద్దు. పరుగెత్తుతుండగా గుండెల్లో నొప్పి, గుండె లయ తప్పి దడదడలాడటం, ఇంట్లో ఎవరైనా యాభై ఏళ్లలోపు ఉన్నట్టుండి చనిపోయి ఉండటం, వీటిలో ఏదున్నా ఈసీజీ, ఎకో అయ్యేదాకా ఆ పిల్ల పరుగెత్తకూడదు. గుండె కండరం మందంగా పెరిగే జబ్బు చాలా ఇళ్లలో వంశపారంపర్యంగా వస్తుంది. ఒక్కోసారి బయటికి ఏ లక్షణమూ లేకుండా ఉండి, కసరత్తు వేళే బయటపడుతుంది.

ఎండ మాటకొస్తే మనవాళ్లకు ఒక భ్రమ ఉంది. పొద్దున్నే కదా, ఎండెక్కడ అంటారు. మే నెలలో ఆరు కొట్టేసరికే సూర్యుడు వచ్చేస్తాడు. ముందురోజు కాగిన తార్రోడ్డు రాత్రంతా ఆ వేడిని కక్కుతూనే ఉంటుంది. రామగుండంలో, కొత్తగూడెంలో, రెంటచింతలలో ఏడు దాటితే పరుగు మాట మర్చిపోవాలి. కోస్తాలో ఇంకో రకం మోసం. కాకినాడలో, మచిలీపట్నంలో థర్మామీటర్ తక్కువే చూపిస్తుంది గానీ గాలిలో తేమ వల్ల చెమట ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, కారితే కాదు. పిల్లలకు ఒంటి బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం ఎక్కువ. బయటి వేడి చర్మం వేడిని మించిన రోజున ఆ చర్మమే వేడిని లోపలికి లాగేస్తుంది. వాళ్ల చెమట గ్రంథులు పెద్దవాళ్లవంత చెమట పొయ్యవు. ఆటలో పడితే దాహం సంగతి గుర్తుండదు.

వడదెబ్బ తగిలితే ఒళ్లు పొడిగా ఉంటుందని చదివి, ‘చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదు’ అనుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది. పరుగు వల్ల వచ్చే వడదెబ్బలో చెమట కారుతూనే ఉండొచ్చు. చూడాల్సింది మనిషి తెలివిని. పిల్లవాడు పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తూలుతున్నా, ఊరికే చిరాకు పడుతున్నా, వాంతి చేసుకున్నా ఆ క్షణమే నీడలోకి తీసుకెళ్లండి. బట్టలు వదులు చేసి ఒళ్లంతా నీళ్లతో తడపండి. మెడకీ, చంకల్లో, గజ్జల్లో చన్నీళ్ల గుడ్డలు పెట్టి విసరండి. 108కి ఫోన్ చెయ్యండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పొయ్యొద్దు. ఆసుపత్రికి తీసుకెళ్లాక చల్లబరుస్తారులే అని ఆటో వెతుక్కుంటూ కూర్చుంటే విలువైన నిమిషాలు పోతాయి.

తాగడానికి మంచినీళ్లు, ఉప్పేసిన పల్చటి మజ్జిగ చాలు. బాగా చెమట పోసిన రోజున ఓఆర్‌ఎస్, అదీ ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలో కలిపి. అట్టపెట్టెల్లో ఓఆర్‌ఎస్ పేరు తగిలించుకుని ఏళ్ల తరబడి అమ్ముడైన తీపి పానీయాలు వేరే సంగతి. వాటి మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్లపాటు పోరాడాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ఇంట్లో పాత సరుకు ఉంటే పారెయ్యండి.

ఇప్పుడు రోడ్డు. 2023 జులైలో హైదరాబాద్ శివార్లలో బండ్లగూడ జాగీర్ దగ్గర పొద్దున్నే నడకకు వెళ్లిన ఆడవాళ్లను వేగంగా వచ్చిన కారు గుద్దింది. చనిపోయినవాళ్లలో తల్లీ కూతుళ్లున్నారు. వాళ్లు చేసిన తప్పేమీ లేదు. కలిసి నడుద్దామని బయటికి వచ్చారు, అంతే. 2025 జులైలో పంజాబ్‌లో ఫౌజా సింగ్ కూడా సొంత ఊరి దగ్గర రోడ్డు దాటుతూ కారు గుద్ది చనిపోయాడు. కొడుకు పోయిన దుఃఖంలో నుంచి పరుగులోకి వచ్చి, 89 ఏళ్ల వయసులో మొదటి మారథాన్ పూర్తి చేసి, 114 ఏళ్ల వాడిగా లోకం లెక్కగట్టిన మనిషి. ఏ జబ్బూ తీసుకుపోలేనివాణ్ని మన రోడ్డు తీసుకుపోయింది. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన పాదచారులు 32,825 మంది. రోజుకు సుమారు తొంభై మంది.

అందుకే చెరువు కట్టో, గ్రౌండో, పార్కో దొరికితే రోడ్డు జోలికి పోవద్దు. బడి గ్రౌండ్లు సెలవుల్లో తాళాలు వేసి ఉంటాయి, అడిగి తెరిపించండి. వేరే గతి లేక రోడ్డెక్కితే, ఫుట్‌పాత్ లేని చోట కుడివైపు అంచున, ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా పరుగెత్తాలి. మనలో చాలామంది బండి నడిపే అలవాటుతో ఎడమవైపు వెళ్తారు. అలా వెళ్తే వెనక నుంచి వచ్చేది తెలియదు. పిల్లవాడు లోపలి వైపు, మీరు బండ్ల వైపు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఇద్దరికీ వద్దు. తెల్లవారుజామున నల్ల టీషర్టు వేసుకున్న మనిషి డ్రైవర్‌కి ఆఖరి క్షణం దాకా కనిపించడు, లేతరంగు బట్టలు వెయ్యండి. ఇక తెల్లారి నాలుగు గంటల పరుగు గురించి గొప్పగా చెప్పుకునేవాళ్లు ఆ వేళకు రాత్రంతా బండి తోలి నిద్ర ఆపుకుంటున్న లారీ డ్రైవర్లు, పార్టీల నుంచి ఇళ్లకు తిరిగెళ్తున్న కార్లు రోడ్డు మీద ఉంటాయని మర్చిపోతున్నారు. పిల్లల్ని తీసుకెళ్లేటప్పుడు వెలుతురు వచ్చాకే బయల్దేరండి.

కుక్కలు ఇంకో గొడవ. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాణ్ని వీధికుక్కలు చంపేసిన సంగతి మనం మర్చిపోలేదు. పరుగెత్తేవాణ్ని కుక్క తరుముతుంది. పిల్లవాణ్ని ‘పరుగెత్తు’ అని అరవకండి. ఆగి, చేతులు ఒంటికి ఆనించి, కళ్లలోకి చూడకుండా కదలకుండా నిలబడాలని ముందే నేర్పండి. కరిస్తే సబ్బు పెట్టి ధారగా పడే నీళ్లలో పావుగంట కడిగి, ఆ రోజే టీకా వేయించాలి. పసుపు, సున్నం పెట్టొద్దు.

ఇదంతా తల్లిదండ్రుల మీదే వేసి ప్రభుత్వాన్ని వదిలెయ్యడం కూడా న్యాయం కాదు. నడవడానికి ఫుట్‌పాత్ ఉండటం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది. మన పట్టణాల్లో ఉన్న కొద్ది ఫుట్‌పాత్‌ల మీదా ట్రాన్స్‌ఫార్మర్లు, పార్క్ చేసిన బైకులు, షాపుల మెట్లు ఉంటాయి. పొద్దున రెండు గంటలు ఒక రోడ్డు మీద బండ్లు ఆపితే విశాఖ బీచ్ రోడ్డులో ఊరంతా ఎలా నడుస్తుందో చూస్తున్నాం. ప్రతి మున్సిపాలిటీ సెలవులు అయ్యేదాకానైనా ఒక్క వీధికి ఆ పని చెయ్యలేదా? మైనర్ల చేతికి బండి తాళాలిచ్చే తండ్రులకు 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు ఉన్నాయి. ఆ కేసులు ఎన్ని పెడుతున్నారో పోలీసులు చెప్పాలి. పరుగు పోటీలు పెట్టే సంస్థలు కూడా పిల్లల విభాగాన్ని చందా వసూలు చేసుకునే మార్గంగా చూడటం మానాలి. ‘తల్లిదండ్రుల అనుమతి ఉంది’ అన్న సంతకం చిన్నపిల్లల గుండెకు బీమా కాదు.

చివరికి మీ సంగతి. పిల్లవాడికి తోడుగా రేపు బూట్లేసుకునే నాన్నకు నలభై దాటాయి. పదిహేనేళ్లుగా కుర్చీలో కూర్చున్న ఒళ్లు. బీపీ ఎప్పుడు చూపించుకున్నాడో గుర్తులేదు. మన దేశంలో గుండెజబ్బు పాశ్చాత్యులకంటే ముందే వస్తుందని వైద్యులు ఎప్పటినుంచో చెప్తున్నారు. అమెరికాను పరుగు బాట పట్టించిన జిమ్ ఫిక్స్ 1977లో రాసిన పరుగు పుస్తకం పది లక్షలకు పైగా అమ్ముడైంది. ఆయన తండ్రికి 35వ ఏట మొదటి గుండెపోటు వచ్చింది, 43వ ఏట చనిపోయాడు. కొడుకు సరిగ్గా 35వ ఏట సిగరెట్లు మాని పరుగు మొదలుపెట్టి సన్నబడ్డాడు. ఇక తనకేమీ కాదనుకున్నాడు. 1984 జులైలో, 52వ ఏట, రోడ్డు మీద పరుగెత్తుతూ కూలిపోయాడు. గుండె రక్తనాళాలు బాగా మూసుకుపోయి ఉన్నాయని శవపరీక్షలో తేలింది. పరుగు ఆయన్ని చంపిందని కాదు, బహుశా కొన్నేళ్లు కలిసొచ్చేలా చేసిందేమో. కానీ తండ్రి నుంచి వచ్చింది ఒంట్లో ఉందని తెలిసీ దాన్ని చూపించుకోకపోవడం ఆయన చేసిన పని. మీ నాన్నకు, పెదనాన్నకు గుండెపోటు ఏ వయసులో వచ్చిందో ఇవాళ అమ్మకు ఫోన్ చేసి అడగండి. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోండి. డాక్టర్ సరేనంటేనే పరుగు, మొదటి నెలంతా ఎక్కువ నడక, తక్కువ పరుగు. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలని పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

మీకేమైనా అయితే ఆ వేళ మీ పక్కన ఉండేది మీ పిల్లవాడొక్కడే. మీ ఫోన్ లాక్ వాడికి తెలియదు. కాబట్టి బయల్దేరేముందు నేర్పాల్సినవి ఉన్నాయి. లాక్ తియ్యకుండానే ఎమర్జెన్సీ అన్న చోట నొక్కి 112కి ఎలా చెయ్యాలో మీ ఫోన్ మీదే రెండుసార్లు చేయించి చూపించండి, కాల్ వెళ్లకముందే ఆపేస్తూ. ‘నాన్న పడిపోయాడు, లేవట్లేదు’ అన్న మాటతో మొదలుపెట్టాలని, తర్వాత గ్రౌండ్ పేరు, దగ్గరున్న గుడి పేరో బడి పేరో చెప్పాలని చెప్పండి. ఏడుస్తూ పక్కనే కూర్చోకుండా, దగ్గర్లో నడిచే పెద్దవాళ్లను గట్టిగా అరిచి పిలవాలి. పన్నెండు దాటిన పిల్లలైతే ఛాతీ మధ్యలో రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి, మోచేతులు వంచకుండా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదు సెంటీమీటర్లు దిగేలా నొక్కడం దిండు మీద సాధన చెయ్యొచ్చు. ఇంటి నంబరు, అమ్మ ఫోన్ నంబరు కాగితం మీద రాసి నిక్కరు జేబులో పెట్టండి. ఈ సాయంత్రం గంటసేపు చాలు దీనికి. అది అయ్యేదాకా రేపటి పరుగు వాయిదా వెయ్యండి.